ఎర్రోడి వంశశుద్ధి

మా మెట్ట ప్రాంతంలో 'హైబ్రిడ్' అన్న మాటను మించిన మెప్పు లేదు. మొక్కజొన్న హైబ్రిడ్, టమాటా హైబ్రిడ్, గేదెలు మేసే గడ్డి హైబ్రిడ్. కాపు విరగకాస్తే హైబ్రిడ్ అంటారు. కాయకపోతే ఏదో నాటురకంలే అని పెదవి విరుస్తారు. ఒక్క కోడి దగ్గరే ఈ లెక్క తిరగబడుతుంది, అదీ కూర వండేటప్పుడే. ఈడొచ్చిన కుర్రాడు ఒడ్డూ పొడుగూ ఉంటే, "హైబ్రిడ్ కంకిలా ఉన్నాడర్రా" అని మెటికలు విరుస్తారు మా ముసలమ్మలు. ఇంత మంచి మాట పట్నంలో ఒక ప్రాణం మీదికి తెస్తుందని మేడిశెట్టి అబ్బులుకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మాకు మాత్రం ఏం తెలుసు.

అబ్బులు నాకు వరసకు బావ. మా ఊళ్ళో ప్రతి మనిషీ ప్రతి మనిషికీ వరసకు ఏదో ఒకటి అవుతాడు. అబ్బులు బావ మొక్కజొన్న పండిస్తాడు, ఇంటి వెనక షెడ్డులో బస్తాలు వేస్తాడు, ఆ బస్తాలను ఎలకలు పంచుకుంటాయి. డాబా మీద గదిలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసరు అద్దెకుండేవాడు. అతని దగ్గర అద్దాల తొట్టెలో ఒక పాము ఉండేది. పండు మిరపకాయ రంగు, వీపు మీద ముగ్గేసినట్టు మచ్చలు. అతనికి పైరాష్ట్రానికి బదిలీ అయితే, వెళ్తూ వెళ్తూ ఆ తొట్టెను బావ చేతిలో పెట్టాడు.

"ఇది కార్న్ స్నేక్ అబ్బులు గారూ. అమెరికా జాతి. విషం లేదు. వాళ్ళమ్మ కార్న్, వాళ్ళ నాన్న కింగ్ స్నేక్. అంటే హైబ్రిడ్ అన్నమాట" అన్నాడు.

కార్న్ అంటే మొక్కజొన్న అని బావకు తెలుసు. హైబ్రిడ్ అంటే ఇంకా బాగా తెలుసు. చెప్పింది విత్తనాల కంపెనీ మనిషి. దాంతో బావకు విషయం తేటతెల్లంగా అర్థమైపోయింది. మొక్కజొన్న కోసమని కంపెనీ వాళ్ళు ప్రత్యేకంగా తయారుచేసిన పాము ఇది.

"ఎకరానికి ఎన్ని పెట్టాలి బాబూ?" అని అడిగాడు.

బావ భార్య తాయారక్క ఆ రోజు గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడింది. "అదుంటే నేనుండను" అంది. వారం తిరగకుండా షెడ్డులో ఎలకల అలికిడి ఆగిపోయింది. ఆ పైన ఆవిడే దానికి ఎర్రోడు అని పేరు పెట్టింది. నాగులచవితికి గిన్నెలో పాలు పోసి ముందు పెడితే ఎర్రోడు మొహం తిప్పుకున్నాడు, మూల నుంచి ఎలక పిల్ల పరిగెడితే అటు తిరిగాడు. "మావోడు బత్తికి లొంగడు, పనికే లొంగుతాడు" అని ఊరంతా చెప్పుకుంది. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుంటే ఆవిడ మోచేతికి గాజులా చుట్టుకునేవాడు. తాయారక్కకు పిల్లలు లేరు. ఆ మాట ఎవరూ పైకి అనరు గానీ, ఎర్రోడు వచ్చాక ఆవిడ సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని నవ్వడం చూశాం.

ఇక పట్నం సంగతి. ఒకప్పుడు పట్నంలో పెద్దింటివాళ్ళు జాతి కుక్కలను పెంచేవారు. గుమాస్తాలు కూడా జాతి కుక్కలను పెంచడం మొదలుపెట్టేసరికి పెద్దవాళ్ళు పాముల్లోకి దిగారు. రంగురంగుల విదేశీ పాములు, హాల్లో సోఫా పక్కన అద్దాల తొట్టెలు. అలాంటి ఒక పెద్దమనిషి ఇంట్లో, మేలుజాతిదని చెప్పి కొన్న పాము గుడ్లు పెట్టింది. పిల్లలు బయటికొచ్చాయి. సగం చారలు, సగం చుక్కలు. చూడ్డానికొచ్చిన బంధువులు ఏమీ అనలేదు, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ అనకపోవడం ఆయన గుండెల్లో గుచ్చుకుంది. ఆయనకు పైన మనుషులున్నారు. అలా పుట్టింది పెంపుడు సర్ప వంశశుద్ధి పరిరక్షణ మండలి. ఇంట్లో విదేశీ పాము ఉన్న ప్రతివాళ్ళూ దాని తల్లిదండ్రుల వివరాలతో హాజరు కావాలని దండోరా వేశారు.

మండలికి అధ్యక్షులుగా చిదంబరప్రసాద్ గారిని వేశారు. తన ముత్తాతలకు ముత్తాతల పేర్లు ఆయన ఆగకుండా చెప్పగలరు. వంశం గురించి ఆయనకున్న జ్ఞానం అదే. కార్యదర్శిగా భుజంగరావు గారిని తూనికలు కొలతల శాఖ నుంచి తెచ్చారు. భుజంగం అంటే పాము కనక, 'నామసాదృశ్యం దృష్ట్యా' అని ఉత్తర్వులో రాశారు. ఆయనకు పామంటే చచ్చేంత భయం. కుర్చీకి వేలాడే సెల్ ఫోను చార్జరు వైరును చూసి కూడా కాళ్ళు పైకి పెట్టుకునేవారు.

మండలి ఆఫీసు ఒకప్పటి ధాన్యం గిడ్డంగి. ధాన్యం ఖాళీ చేశారు గానీ ఎలకలను ఖాళీ చేయలేకపోయారు.

బావ నన్ను తోడు రమ్మన్నాడు. డిగ్రీ చదివానని ఊళ్ళో ఏ ఆఫీసు పనికైనా నన్నే లాగుతారు. హాలు నిండా జనం. మఖమల్ గుడ్డ కప్పిన తొట్టెలు, పేర్లు చెక్కిన ఇత్తడి పలకలు. మా ఎర్రోడు తాయారక్క పాత చీరతో కుట్టిన సంచీలో వచ్చాడు.

భుజంగరావు గారు బల్లకు ఆ చివర కూర్చుని మమ్మల్ని ఈ చివరే ఆగమన్నారు.

"సదరు సర్పము యొక్క నామధేయము?"

"ఎర్రోడండి."

"లింగము?"

"మగోడేనండి."

"మాతృ పితృ వంశ వివరములు?"

ఈ ప్రశ్న కోసమే బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "హైబ్రిడ్డండి. నాటు సరుకు కాదు. అమ్మ కార్నంట, నాన్న కింగంట. అంటే రాజు బిడ్డేనండి ఒకరకంగా."

పక్కనున్న ఒకావిడ తన పాము తొట్టె మీద కొంగు కప్పింది, ఆ మాట దాని చెవిన పడకుండా. పాముకు చెవులుండవని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

"సంకరమని మీరే ఒప్పుకుంటున్నారా?" అన్నారు భుజంగరావు గారు.

"ఒప్పుకోడవేటండి. గొప్పగా సెప్తన్నాను."

"గొప్పగా చెప్పుకొనుచున్నాడు" అని భుజంగరావు గారు పలుకుతూ రాసుకున్నారు.

అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు. "చూడు బాబూ. సంకరము అనునది ఒక పాముతో ఆగదు. నేడు సర్పము. రేపు సమాజము."

"మాకు పాము ఒక్కటేనండి ఉంది" అన్నాడు బావ.

సంచీని పటకారుతో అందుకుని లోపలికి తీసుకుపోయారు. మండలి తదుపరి సమావేశంలో సదరు సంకర సర్పానికి వంశవిరమణ జరుగుతుందని భుజంగరావు గారు ప్రకటించారు.

"విరమణంటే రిటైర్మెంటాండీ? పింఛనేవైనా ఉంటదా?"

"ప్రాణముతో సహా విరమణ" అన్నారు ఆయన, తల ఎత్తకుండా.

ఖాళీ సంచీ మాత్రం తిరిగిచ్చారు. ఇంటికొచ్చాక తాయారక్క ఆ సంచీలో చెయ్యి పెట్టి చూసింది. లోపల ఏమీ లేదని తెలిసి కూడా అడుగు వరకూ తడిమింది.

"ఎల్లి ఏటి సెప్పావ్ మావా?"

"హైబ్రిడ్డని సెప్పాను."

"మంచి మాటే కదా."

"మంచిదనే సెప్పాను తాయారూ." బావ ఇస్త్రీ చొక్కా విప్పి దండెం మీద పడేశాడు. "ఎల్లిన కాడ మంచికి వేరే పేరుందని నాకేటి తెలుసు."

ఆవిడ సంచీని మడిచి బొడ్లో దోపుకుంది. "ఈసారి నేనొత్తాను. ఆ ఖాళీ సంచీతో మాత్రం మళ్ళీ గుమ్మం ఎక్కను."

అప్పీలు నేనే రాశాను. విచారణ రోజు ముగ్గురం వెళ్ళాం. లోపల అద్దాల వెనక ఎర్రోడు ఒక మూల చుట్టుకుని ఉన్నాడు. తాయారక్క అద్దం మీద అరచెయ్యి పెడితే తల ఎత్తి, తిన్నగా ఆవిడ కేసి చూశాడు.

"చూశారా" అన్నారు వెనక నుంచి అధ్యక్షుల వారు. "తిన్నగా చూస్తోంది. అది సంకర లక్షణం. శుద్ధవంశం ఎలా ఉంటుందో రండి, చూపిస్తాను."

ఎత్తైన పీఠం మీద పెద్ద తొట్టె. అందులో మండలి ఆదర్శ సర్పం, పేరు వంశతిలక. పాలిపోయిన బంగారు రంగు. దాని మెడ వెనక్కి విరిగినట్టు వంగి, మొహం తొట్టె మూత వైపు తిరిగి ఉంది. ముందుకు పాకబోయి వెల్లకిలా పడింది, మళ్ళీ సర్దుకుంది, మళ్ళీ పైకే చూసింది.

"ఊర్ధ్వదృష్టి" అన్నారు అధ్యక్షుల వారు, కళ్ళు అరమోడ్చి. "తరతరాల శుద్ధి వల్ల మాత్రమే సిద్ధిస్తుంది. దాని దృష్టి భూమి మీద నిలవదు. ఆహారం ఎదురుగా పెట్టినా చూడదు."

"మరి తిండెలాగండీ?" అని బావ అడిగాడు.

"మేమే నోట్లో పెడతాం. వైరాగ్యం."

తాయారక్క ఆ పామును జాలిగా చూసింది. "మా వరిసేలో తాలు కంకి ఇలాగేనండి. గింజున్నది తలొంచుకుంటది. లేనిది ఆకాశం సూత్తది."

అధ్యక్షుల వారికి వ్యవసాయం మీద ఆసక్తి లేదు. విచారణ మొదలైంది. ఆ రోజు తమ పాములకు ధ్రువపత్రాలు తీసుకోవడానికి పెద్దిళ్ళవాళ్ళంతా వచ్చి ఉన్నారు.

"నాకో సంగతి సెప్పండయ్యా" అంది తాయారక్క నిలబడి. "ఈ వంశతిలకమ్మ గారికి మొగుడెవరండి?"

భుజంగరావు గారు కాగితం చూసి చదివారు. "స్వవంశజుడైన వంశభూషణ్."

"సొవంశవంటే?"

"ఏకగర్భసంజాతుడు."

తాయారక్క నా వైపు తిరిగింది. "ఏటంటన్నారు తమ్ముడూ?"

"ఒక్క తల్లి పిల్లలంట అక్కా."

ఆవిడ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. చాలా మర్యాదగా, చుట్టాలింట్లో పొరపాటు ఎత్తిచూపినట్టు అడిగింది. "అన్నకిచ్చి సేశారా అండీ?"

ఆ మాట హాల్లో వరసల మధ్య నుంచి వెనక్కి పాకింది. "అన్నకా?" "ఎవరికి?" "మా ఇంట్లో ఉన్నదాని సంగతి కూడా అంతేనా?" పోయినసారి తొట్టె మీద కొంగు కప్పినావిడ లేచి నిలబడింది. "ఏవండీ కార్యదర్శి గారూ, మా పాము తొట్టెను పూజగది పక్కన పెట్టుకున్నాం. ముందే చెప్పాలి కదా. వావివరసలు ఉండక్కర్లేదా?"

"మేడమ్, శుద్ధి కావాలంటే బయటి రక్తం కూడదు" అన్నారు భుజంగరావు గారు.

"వరస కావాలంటే సొంత రక్తం కూడదండీ" అంది ఆవిడ. "మా అమ్మాయికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం. ఇంట్లో ఇలాంటి కాపురం ఉందని తెలిస్తే ఎవరొస్తారు?"

అధ్యక్షుల వారి మొహం మాడిపోయింది. ఆయన ఇంట్లోనూ ఒక తొట్టె ఉంది. మండలి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల టీలు వెళ్ళాయి, వచ్చాయి, మళ్ళీ వెళ్ళాయి. చివరికి భుజంగరావు గారు బయటికొచ్చి వరస సవరణ విధానాన్ని చదివి వినిపించారు.

"శుద్ధవంశ సర్పముల నడుమ సోదర సంబంధము ఉన్నచో, వరుడైన సర్పమును సదరు వంశములోని మేనత్త వరస సర్పమునకు దత్తత ఇయ్యవలెను. తదుపరి సదరు సంబంధము మేనరికముగా పరిగణింపబడును."

హాలు ఊపిరి పీల్చుకుంది. మేనరికమైతే మనందరి ఇళ్ళలోనూ ఉన్నదే. అక్కడికక్కడే వంశభూషణ్‌ను తెచ్చారు. అదీ పైకే చూస్తోంది. ఈ తొట్టెలోంచి తీసి పక్కనున్న మేనత్త వరస ముసలి పాము తొట్టెలో వేశారు, సంతకాలు చేశారు, మళ్ళీ తీసి ఈ తొట్టెలో వేశారు. అన్న కాస్తా బావ అయిపోయాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

చప్పట్లు ఆగేదాకా తాయారక్క నిలబడే ఉంది.

"అయ్యా, దత్తతెళ్ళినోడికి ఏ ఇంటిపేరొత్తదండి?"

"స్వీకరించిన వారిది" అన్నారు అధ్యక్షుల వారు. ఇష్టమైన సబ్జెక్టు వచ్చేసరికి ఆయన గొంతు పెరిగింది. "పూర్వవంశము సమూలంగా తొలగిపోతుంది. పుట్టుక కన్నా దత్తత గొప్పది. మా ముత్తాత గారే దత్తత."

"అయితే మా ఎర్రోణ్ణి కూడా ఎవరికన్నా దత్తతిచ్చెయ్యండి. శుద్ధయిపోతాడు."

కాదంటే అధ్యక్షుల వారి వంశంలోంచి ముత్తాత గారు పోతారు. భుజంగరావు గారు ఆయన చెవి దగ్గరికి వంగారు. మెల్లగా అన్నారు గానీ మేం ముందు వరసలోనే ఉన్నాం. "సార్, వంశతిలక గుడ్లు ఈ ఏడూ తాలే పోయాయి. పోయినేడూ అంతే. వచ్చే ఏడు మంత్రిగారి తనిఖీ. చూపించడానికి పిల్లలు లేవు."

అధ్యక్షుల వారు ఎర్రోడి కేసి చాలాసేపు చూశారు. ఎర్రోడూ ఆయన కేసి చూశాడు.

అలా ఎర్రోడు ఆ ముసలి పాముకు దత్తపుత్రుడయ్యాడు. పేరు వంశరక్షక్‌గా మార్చారు. వంశతిలకకు మేనత్త కొడుకయ్యాడు కనక, సంబంధం కలుపుకోవడానికి అడ్డం లేదన్నారు. వంశభూషణ్‌కు వైరాగ్యం ముదిరిందని సెలవు మంజూరు చేశారు.

"మరి మావోణ్ణి ఎప్పుడు తీసుకెల్లమంటారండి?" అని తాయారక్క సంచీ విప్పింది.

"తీసుకెళ్ళడమేమిటమ్మా. ఇల్లరికం" అన్నారు భుజంగరావు గారు.

ఆవిడ సంచీని మళ్ళీ మడిచింది. బస్సులో బావ, "పేణం దక్కింది కదే" అంటే, "దక్కింది. ఆళ్ళకి" అంది. ఇంటికెళ్ళాక గుమ్మం ఎక్కలేదు. పెరటి వైపు నుంచి లోపలికెళ్ళింది.

షెడ్డులోకి ఎలకలు తిరిగొచ్చాయి. అవి వచ్చిన చప్పుడు కన్నా తాయారక్క మాట్లాడకపోవడం బావను ఎక్కువ బాధపెట్టింది.

ఈలోగా పట్నంలో ఊర్ధ్వదృష్టి బాగా నాటుకుంది. శుద్ధవంశానికి అదే గుర్తు అని మండలి ముద్రించి పంచింది. పెళ్ళిచూపుల్లో కుర్రాళ్ళు అమ్మాయి వైపు కాకుండా సీలింగు ఫాను వైపు చూడటం మొదలుపెట్టారు. అలా చూసిన ఒక సంబంధాన్ని అధ్యక్షుల వారు తమ మేనకోడలికి ఖాయం చేశారు. పెళ్ళికొడుకు మండపం మెట్ల మీద తన్నుకుని పడితే, శుభసూచకమన్నారు.

వానలు పడేనాటికి వంశతిలక గుడ్లు పెట్టింది. ఒక్కటీ తాలు పోలేదు. పిల్లలు పండు మిరపకాయల్లా బయటికొచ్చాయి. వచ్చీ రావడమే చురుకు. ఎలక పిల్లను చూపిస్తే రివ్వున వచ్చేవి. మెడలు నిలకడగా ఉన్నాయి. అన్నీ తిన్నగా చూశాయి.

మండలిలో ఆ పూట భోజనాలు ఎవరూ చేయలేదట. మంత్రిగారి తనిఖీ దగ్గర పడుతోంది. వంశశుద్ధి మండలి పెంచిన మొదటి తరమే సంకర లక్షణాలతో నిలబడితే మండలి ఎందుకుండాలి? అప్పుడు భుజంగరావు గారికి ఆయన జీవితంలో మొదటి ఆలోచన వచ్చింది. చచ్చిన చిట్టెలుకలను దారాలకు కట్టి తొట్టెల పైన దూలానికి వేలాడదీయించారు. పిల్లలకు ఆకలేస్తే పైనుంచి దిగుతుంది తిండి. కొద్ది రోజుల్లోనే అవి తలలెత్తి దూలం కేసి చూస్తూ కూర్చోవడం నేర్చుకున్నాయి. చూసి అధ్యక్షుల వారు కళ్ళు తుడుచుకున్నారట. "రక్తం ఎక్కడికి పోతుంది" అన్నారట.

తనిఖీకి మాకూ పిలుపొచ్చింది, 'వరుని పూర్వ సంరక్షకులు' అని. తాయారక్క సంచీ తీసుకునే బయల్దేరింది. "దేనికే అది" అంటే, "సూడ్డానికెల్లేటప్పుడు ఉత్త చేతుల్తో ఎల్లకూడదు" అంది.

మంత్రిగారు దండలతో వచ్చారు. తొట్టెలన్నీ తిరిగి చూశారు. పిల్లలన్నీ పైకి చూస్తున్నాయి. పీఠం మీద వంశతిలక పైకి చూస్తోంది. ఎర్రోడి తొట్టెను ఒక స్తంభం వెనక పెట్టి, మీద పూలకుండీ పెట్టారు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "మూగజీవాలే పైకి చూస్తున్నాయి. మనమూ పైకి చూడాలి."

అందరూ పైకి చూశారు. దూలానికి దారాలు, దారాలకు చిట్టెలుకలు. ఆ దూలం మీద బతికున్న పందికొక్కు పిల్ల ఒకటి కూర్చుని, ఇంతమంది పెద్దలు ఎందుకు తన కేసి చూస్తున్నారో అర్థం కాక చూస్తోంది. బెదిరి జారింది. మంత్రిగారి బల్ల మీద పడి, మైకు వైరు మీదుగా ఆయన చెప్పుల మధ్యకు దూకింది. భుజంగరావు గారు వెనక్కి గెంతి స్తంభం వెనక తొట్టె మీదున్న పూలకుండీని పడగొట్టారు. కుండీతో పాటు తొట్టె మూత లేచిపోయింది.

పందికొక్కు వంశతిలక పీఠం ముందు నుంచి పోయింది. వంశతిలక పైకి చూస్తోంది. పిల్లల తొట్టెల ముందు నుంచి పోయింది. తిండి పైనుంచి రావాలి కాబట్టి అవీ పైకే చూస్తున్నాయి. నేల మీద ఒక ఎర్రటి చార సాగింది. మంత్రిగారు కుర్చీ ఎక్కేలోపే ఎర్రోడు దాన్ని పట్టి, రెండు చుట్లు చుట్టి, పని చూసుకోవడం మొదలుపెట్టాడు.

"మావోడే" అంది తాయారక్క. చాలా రోజుల తర్వాత ఆవిడ గొంతులో నవ్వు విన్నాం.

మంత్రిగారు కుర్చీ మీద నుంచే అడిగారు. "ఏమిటిది? ఇది తిన్నగా చూస్తోందే. సంకర లక్షణం కదూ? ఈ పిల్లలకు ఇది ఏమవుతుంది?"

తండ్రి అంటే పిల్లలు పోతాయి. పిల్లలు పోతే మండలి పోతుంది. అధ్యక్షుల వారు భుజంగరావు గారి వైపు చూశారు. భుజంగరావు గారు కళ్ళు మూసుకున్నారు.

"ఏమీ కాదండి" అన్నారు.

"మరి వీటి తండ్రి?"

"తండ్రి లేడండి." ఒకసారి మొదలుపెట్టాక ఆయనకు దారి దొరికింది. "శుద్ధి పరాకాష్ఠకు చేరినప్పుడు, మహాశయా, పితృపాత్ర అనవసరమవుతుంది. ఇవి స్వయంభువులు."

మంత్రిగారు కుర్చీ మీదనే చప్పట్లు కొట్టారు. తండ్రి లేకుండా పుట్టడం కన్నా శుద్ధమైన పుట్టుక ఏముంటుంది? జాతీయ పురస్కారానికి అక్కడికక్కడే సిఫారసు చేశారు. ఆయన కారు గేటు దాటకముందే ఉత్తర్వు టైపైంది: ఎర్రోడు, అలియాస్ వంశరక్షక్ అను సర్పమేదియు ఈ మండలిలో ఎన్నడును లేదు, ప్రస్తుతమును లేదు.

తాయారక్క నా చేత చదివించుకుని విన్నది. "తమ్ముడూ, దీనికో నకలు అడుగు" అంది. రాజముద్ర వేసి ఇచ్చారు.

ఆవిడ నింపాదిగా స్తంభం దగ్గరికి వెళ్ళి నేల మీద చెయ్యి చాపింది. ఎర్రోడు తిండి ముగించి, బరువుగా, మోచేతి దాకా ఎక్కాడు. సంచీలోకి దించుకుని మూతి ముడేసింది. గేటు దగ్గర భుజంగరావు గారు అడ్డం వచ్చారు, కాస్త దూరం నుంచే.

"అమ్మా, ఏమి తీసుకుపోతున్నారు?"

"మీ కాడ లేనిదేనండి."

ఆయన పెన్ను తీశారు. ఆపాలంటే రాయాలి. రాయాలంటే పేరు వేయాలి. పేరు వేస్తే అది ఉన్నట్టే, ఉంటే తండ్రి ఉన్నట్టే. పెన్ను కాసేపు గాలిలో నిలబడింది. తర్వాత జేబులోకి వెళ్ళిపోయింది.

"దారిలో జాగ్రత్త" అన్నారు ఆయన, ఆకాశం కేసి చూస్తూ.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తాయారక్క సంచీని ఒళ్ళో పెట్టుకుంది. పక్కన అబ్బులు బావ కొత్త చొక్కా మీద చెమట తుడుచుకుంటున్నాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ వచ్చి సంచీ కేసి అనుమానంగా చూశాడు.

"అందులో ఏటమ్మా, కదుల్తాంది?"

బావ ఉత్సాహంగా నోరు తెరిచాడు. 'హై' అన్నాడు. తాయారక్క మోచేత్తో పొడిచింది. మూసుకున్నాడు.

"ఏవీ లేదు బాబూ" అంది ఆవిడ. "కావాలంటే గవర్నమెంటోరు రాసిచ్చారు, సూసుకో."

కండక్టరు ఉత్తర్వు అందుకుని, ముద్ర చూసి, పైనుంచి కిందికి చదివాడు. పామేదీ లేదని స్పష్టంగా ఉంది. సంతకాలున్నాయి. అతను తలూపి కాగితం తిరిగిస్తుండగా, సంచీ ముడి సడలింది. ఎర్రోడు తల బయటపెట్టి కండక్టరు కేసి చూశాడు.

తిన్నగా.